లేజర్లు కొంటున్నారు సరే, నడిపేవాళ్ల ఉద్యోగాలేవి?

అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ పాలకమండలి అధ్యక్షులకు, సభ్యులకు



దేశంలోని విశ్వవిద్యాలయాల్లో పరిశోధనకు డబ్బు ఎలా చేరాలో తేల్చే అధికారం 2023 చట్టంతో మీ చేతికి వచ్చింది. 2008 చట్టంతో పుట్టిన సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు, అంటే సెర్బ్‌ను ఎత్తేసి దాని పనంతా మీకు అప్పగించారు. ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలన్నారు. అందులో సర్కారు ఇచ్చేది తక్కువ, కంపెనీలూ దాతలూ ఇవ్వాల్సింది ఎక్కువ. అది వస్తుందా రాదా అన్న చర్చ పత్రికల్లో చాలానే నడిచింది, దాన్ని మళ్లీ ఎత్తుకోను. వచ్చింది ఎంతైనా, దాన్ని ఏ రూపంలో ఇస్తున్నామన్నది అంతకన్నా ముందు తేలాల్సిన ప్రశ్న. యంత్రానికి ఇస్తున్నాం. మూడేళ్ల ప్రాజెక్టుకి ఇస్తున్నాం. విద్యార్థికి ఫెలోషిప్ ఇస్తున్నాం. ఆ యంత్రంతోపాటు ఇరవై ఏళ్లు గడిపి, దాని గుణం తెలుసుకుని, బాగుచేసుకుంటూ, కొత్త పనులు చేయించే మనిషికి మాత్రం ఇవ్వడం లేదు. విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో అలాంటి మనిషికి శాశ్వత ఉద్యోగం ఉండాలని, ఆ మార్పు మీ దగ్గరే మొదలవ్వాలని అడగడానికే ఈ ఉత్తరం. ఇందుకు ఒకే ఒక్క రంగాన్ని సాక్ష్యంగా తీసుకుంటాను: అల్ట్రాఫాస్ట్ లేజర్ భౌతికశాస్త్రం. 2018లో ఒకసారి, 2023లో ఒకసారి భౌతికశాస్త్ర నోబెల్ ఈ రంగానికి వచ్చింది. ఆ శాస్త్రవేత్తల ఉద్యోగ జీవితాలు ఎలా సాగాయో అందరికీ తెలిసిన సమాచారమే. వాటిని మీ ముందు పెట్టి, మన పద్ధతిలో అవి సాగి ఉండేవా అని అడుగుతున్నాను.

ముందు ఆ పని ఎలాంటిదో చూద్దాం. సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక ఫెమ్టోసెకను. దాన్ని మరో వెయ్యి ముక్కలు చేస్తే అట్టోసెకను. అణువుల్లో పరమాణువులు కదిలే తీరు చూడాలంటే ఫెమ్టోసెకన్ల వెలుగు కావాలి, ఎలక్ట్రాన్ల కదలిక పట్టాలంటే అట్టోసెకన్లు కావాలి. ఒక్క ఫెమ్టోసెకనులో వెలుతురు నడిచే దూరం 0.3 మైక్రాన్లు. ఈ అంకె వెనక ఉన్న కష్టం లెక్క వేస్తేగానీ తెలియదు. ప్రయోగంలో ఒకే లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చి, రెండు దారుల్లో తిప్పి, మళ్లీ ఒకచోట కలుపుతారు. ఒక మీటరు ఉక్కు, గది వేడి ఒక్క డిగ్రీ పెరిగితే, పది మైక్రాన్లకు పైగా సాగుతుంది. రెండు దారుల్లో ఒకటి మాత్రమే అంత సాగితే రెండు కిరణాల మధ్య ముప్ఫై ఫెమ్టోసెకన్లకు మించి తేడా పడుతుంది, కొలవాలనుకున్న సంఘటన మొత్తం అందులో కొట్టుకుపోతుంది. అంటే ఏసీ ఒక గంట ఆగినా, కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా, వానాకాలం గాలిలో తేమ పెరిగినా ఆ రోజు పని పోయినట్టే. అద్దాల మీద దుమ్ము, పంపు లేజరు బలం తగ్గడం, వాక్యూమ్ గొట్టంలో కంటికి కనబడని లీకు ఇవన్నీ వేరే. బొబ్బిలి వీణకు మెట్ల కింది మైనం ఎండకు సడలితే పలుకు మారుతుందని, దాన్ని సరిచేయడం చేయి తిరిగినవాళ్లకే సాధ్యమని మనకు తెలుసు. కోట్లు పోసి కొన్న లేజరు కూడా అంతే. దాన్ని రోజూ శ్రుతి చేయాలి, ఆ విద్య కంపెనీవాళ్లు ఇచ్చే మాన్యువల్లో ఉండదు, ఒకరి పక్కన మరొకరు నిలబడి ఏళ్ల తరబడి నేర్చుకుంటేనే వస్తుంది.

2023 నోబెల్ కథ 1987లో మొదలవుతుంది. పారిస్ దగ్గరి సాక్లేలో ఫ్రాన్స్ అణుశక్తి సంస్థ ప్రయోగశాల ఉంది. ఆన్ లుయిలియే 1986లో పీహెచ్‌డీ పూర్తిచేసి, అదే ఏడాది అక్కడే శాశ్వత పరిశోధకురాలిగా చేరారు. మరుసటి ఏడాది ఆమె బృందం జడవాయువుల మీదికి బలమైన పరారుణ లేజరు పంపి ఏం వెలువడుతుందో చూసింది. అప్పటివరకు అందరూ అనుకున్నదాని ప్రకారం, లేజరు పౌనఃపున్యానికి మూడింతలు, ఐదింతలు, ఏడింతలు ఉన్న వెలుతురు క్రమంగా బలహీనపడుతూ పోవాలి. ఆర్గాన్ వాయువులో అలా జరగలేదు. కొన్ని మెట్లు దిగాక ఆ బలం తగ్గడం ఆగిపోయి, చదునైన పీఠభూమిలా ముప్ఫై మూడింతల మెట్టు వరకూ సాగింది. ఈ ఫలితం 1988లో అచ్చయింది. ఎందుకలా జరుగుతోందో ఆనాడు ఎవరికీ సరిగా తెలియదు. ఎలక్ట్రాన్ ఎలా ఊడుతుంది, లేజరు దాన్ని ఎలా ఊపి వెనక్కి తెస్తుంది అన్న వివరణ 1993లో కెనడా నుంచి పాల్ కోర్కమ్ ఇచ్చారు, దానికి పూర్తి గణిత రూపం 1994లో లుయిలియే కూడా భాగస్వామిగా రాసిన పత్రంలో వచ్చింది. అన్ని మెట్ల వెలుతురు ఒక తాళంలో కలిస్తే అట్టోసెకన్ల మెరుపులు పుట్టాలని సిద్ధాంతం చెప్పింది, నిజంగా పుడుతున్నాయా అని కొలిచే దారి మాత్రం దొరకలేదు. చివరికి 2001లో సాక్లేకు చెందిన పియర్ అగోస్తీని బృందం 250 అట్టోసెకన్ల మెరుపుల వరుసను కొలిచింది, అదే ఏడాది వియన్నాలో ఫెరెంక్ క్రౌజ్ బృందం 650 అట్టోసెకన్ల ఒంటరి మెరుపును పట్టుకుంది. చూసిన రోజుకీ కొలిచిన రోజుకీ మధ్య పద్నాలుగేళ్లు. కొలిచిన రోజుకీ నోబెల్‌కీ మధ్య మరో ఇరవై రెండేళ్లు. ఈ రెండో లెక్క నాకు ముఖ్యం కాదు. మొదటి పద్నాలుగేళ్లే నా వాదనకు ఆధారం.

ఆ పద్నాలుగేళ్లలో అగోస్తీని ఎక్కడున్నారో గమనించండి. 1968లో డాక్టరేటు తీసుకుని 1969లో సాక్లేలో చేరారు, 2002 దాకా అక్కడే ఉన్నారు. ఎలక్ట్రాన్ ఊడి రావడానికి అవసరమైనదానికన్నా ఎక్కువ ఫోటాన్లను మింగుతుందని 1979లో ఆయన బృందం చూపించింది, ఈ రంగానికి అదొక పునాదిరాయి. అట్టోసెకన్ల కొలత వచ్చిన ఏడాదికి ఆయన వయసు అరవై. అంటే ఆయన ఉద్యోగ జీవితంలో అతి పెద్ద ఫలితం దాదాపు పదవీ విరమణ అంచున వచ్చింది. విశ్వవిద్యాలయ ఆచార్య పదవి, అమెరికాలోని ఒహాయో స్టేట్‌లో, ఆ తరవాతే. కోర్కమ్ కూడా 1973 నుంచి కెనడా ప్రభుత్వ జాతీయ పరిశోధన మండలిలో పనిచేశారు. 2022లో లుయిలియే, క్రౌజ్‌లతో కలిసి వుల్ఫ్ బహుమతి పంచుకున్న ఆయనకు మరుసటి ఏడాది నోబెల్‌లో చోటు దొరకలేదు, ఆ తీర్పు మీద ఈ రంగంలో ఇప్పటికీ గొణుగుడు ఉంది. సరే, బహుమతుల సంగతి పక్కన పెడదాం. వీళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే: అనుకోని ఫలితం ఎదురైనప్పుడు దాని వెంట ఎంత దూరమైనా పోగలిగిన ఉద్యోగం, చేతికింద చెక్కుచెదరకుండా ఉన్న ప్రయోగశాల. మూడేళ్ల ప్రాజెక్టులో ఆర్గాన్ పీఠభూమి కనబడి ఉంటే ఏమయ్యేది? ఒక మంచి పత్రం అచ్చయ్యేది, వినియోగ ధ్రువపత్రం పంపేవారు, ఆ పని చేసినవారు ఇంకో దేశంలో ఇంకో పోస్ట్‌డాక్ వెతుక్కునేవారు.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ కూడా ఇదే రంగంలో ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. డోనా స్ట్రిక్‌ల్యాండ్ ఉద్యోగ జీవితం ఒకచోట కుదురుకున్నది కాదు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ లేజర్ ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థినిగా ఉండగా, గురువు జెరార్ మురూతో కలిసి 1985లో ఆమె ఒక చిన్న పత్రం అచ్చువేశారు. ఆమె మొదటి పత్రం అదే. లేజరు మెరుపును నేరుగా బలపరిస్తే ఆ తీవ్రతకు యంత్రంలోని గాజే దెబ్బతింటుంది. అందుకని వాళ్లు ముందు ఆ మెరుపును 1.4 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్‌లో సాగదీసి, సాగిన స్థితిలో బలపరిచి, చివర గ్రేటింగులతో మళ్లీ కుదించారు. ప్రపంచంలోని అతి బలమైన లేజర్లన్నీ ఈనాటికీ ఈ దారినే నడుస్తున్నాయి. 2018 నోబెల్‌లో సగం దీనికే. ఆ తరవాత ఆమె మూడేళ్లు కెనడాలో కోర్కమ్ దగ్గర, ఏడాది అమెరికాలోని లివర్‌మోర్‌లో, 1992 నుంచి ప్రిన్స్‌టన్‌లో సాంకేతిక సిబ్బందిలో ఒకరిగా, 1997 నుంచి వాటర్లూ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. నోబెల్ ప్రకటించిన రోజున కూడా ఆమె అసోసియేట్ ప్రొఫెసరే. ఫుల్ ప్రొఫెసర్ పదవికి దరఖాస్తే పెట్టలేదని ఆమే చెప్పారు. అదే ఏడాది ఎవరో రాసిన ఆమె వికీపీడియా పుటను, ఆధారాలు చాలవంటూ సమీక్షకుడొకరు తిప్పికొట్టారట, నోబెల్‌కు కొన్ని నెలల ముందు! పదోన్నతుల కొలబద్దకీ చేసిన పని విలువకీ మధ్య ఎంత ఎడం ఉండొచ్చో ఇంతకన్నా చక్కని రుజువు అక్కర్లేదు.

అయితే స్ట్రిక్‌ల్యాండ్ కథలో నేను ఎత్తిచూపదలచింది ఇంకొకటి. నోబెల్ విందులో చేసిన ప్రసంగంలో ఆమె ప్రత్యేకంగా తలచుకున్న సహచరుల్లో స్టీవ్ విలియమ్సన్ ఒకరు. కుదించిన మెరుపు నిజంగా ఎంత పొట్టిదో కొలవడానికి ఆయన తన స్ట్రీక్ కెమెరాను ఆమె గదికి తోసుకొచ్చిన రాత్రి గురించి ఆమె చెప్పారు. ఆ కెమెరా తెలిసిన మనిషి ఆ భవనంలో అప్పటికే ఉన్నాడు, పిలిస్తే వచ్చాడు. పీహెచ్‌డీ విద్యార్థిని చేతిలో ఆలోచన ఉంది, గురువుకు దృష్టి ఉంది, కొలిచి చూపే నేర్పు మాత్రం ఆ ప్రయోగశాలలో అప్పటికే పనిచేస్తున్న వాళ్లలో ఉంది. తరాలు మారినా ఇదే వరస. మనవాళ్లు కోట్లు పెట్టి తెప్పించే టైటానియం-సఫైర్ లేజరును 1982లో ఎంఐటీ లింకన్ ప్రయోగశాలలో పీటర్ మౌల్టన్ రూపొందించారు. అది తనంత తానే ఫెమ్టోసెకన్ల మెరుపులివ్వగలదని 1991లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో విల్సన్ సిబెట్ బృందం చూపింది. మెరుపులోని రంగులన్నీ ఒకేసారి చేరేలా పొరల మీద పొరలు పూసిన ప్రత్యేకమైన అద్దాలను 1994లో బుడాపెస్ట్‌కు చెందిన రాబర్ట్ సిపోచ్, వియన్నాలోని క్రౌజ్ కలిసి తెచ్చారు. ఆ అద్దాలు లేకుండా 2001 నాటి వియన్నా ఫలితం ఊహించలేం. పొరలు పూయడం పుస్తకంలో చదివి చేసే పని కాదు, ఒక సంస్థలో ఏళ్లపాటు కూడిన చేతినేర్పు. నోబెల్ పేర్ల చుట్టూ ఇలాంటి చేతులు ఎన్నో ఉంటాయి. వాటికి జీతమిచ్చిన సంస్థలే ఈ రంగాన్ని నిలబెట్టాయి.

మన దగ్గర ఏం జరుగుతోంది? ఇండోర్‌లో 1984లో మొదలైన రాజా రామన్న అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ కేంద్రంలో, ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో పరిస్థితి వేరు. అక్కడ శాశ్వత శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు, సాంకేతిక సిబ్బంది ఉన్నారు, అందుకే టెరావాట్ల స్థాయి లేజర్లు అక్కడ పనిచేస్తున్నాయి. టాటా సంస్థలో జి. రవీంద్రకుమార్ తీవ్రమైన లేజరు కాంతి పదార్థాన్ని తాకినప్పుడు పుట్టే ప్లాస్మా మీద, అందులోని అయస్కాంత క్షేత్రాల మీద దశాబ్దాలుగా చేసిన పనికి 2003లో భట్నాగర్ బహుమతి, 2015లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చాయి. అదీ ఒకేచోట వేరూనుకున్న పనే. విశ్వవిద్యాలయాల్లోనూ నేర్పు లేకపోలేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ అండతో నడిచిన కేంద్రంలో ఫెమ్టోసెకను లేజర్లతో పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే పరిశోధన ఏళ్లుగా సాగుతోంది. అది సాగడానికి కారణం కూడా ఒక పెద్ద సంస్థ విడిపోకుండా వెంట ఉండటమే. అలాంటి అండ లేని సాధారణ విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకుడు ప్రాజెక్టు రాసి లేజరు సంపాదిస్తాడు. దాన్ని నడిపేది పీహెచ్‌డీ విద్యార్థులు. వారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000 ఫెలోషిప్. లేజరు నాడి పట్టడం తెలిసేసరికి మూడేళ్లు, ఆ తెలివి పక్కవాడికి చెప్పేలోగా ఐదేళ్లు పూర్తి. వాళ్లు జర్మనీకో అమెరికాకో వెళతారు, వెళ్లడం తప్పు కాదు. వాళ్లతోపాటు వెళ్లిపోయే నేర్పును నిలిపి ఉంచే ఏర్పాటు లేకపోవడమే తప్పు. తరవాతి విద్యార్థి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. ప్రాజెక్టు గడువు తీరాక వార్షిక నిర్వహణ ఒప్పందానికి డబ్బుండదు. విడిభాగం విదేశం నుంచి రావాలి, ప్రభుత్వ పరిశోధన సంస్థల పరికరాల మీద ఉన్న జీఎస్టీ రాయితీ 2022 జూలైలో పోయింది. ఇంజనీరు రావాలంటే విమానం టికెట్టు మనదే.

సర్కారు ఈ బాధల్లో ఒకదాన్ని గుర్తించిందని ఒప్పుకోవాలి. 2025 జూన్‌లో శాస్త్ర పరికరాల కొనుగోలు నిబంధనలు సడలించారు. 200 కోట్ల వరకు గ్లోబల్ టెండర్లకు సంస్థల డైరెక్టర్లు, వైస్ చాన్సలర్లే అనుమతి ఇచ్చుకోవచ్చు. మంచి పని. దానివల్ల కొనడం తేలికైంది. నడిపే మనిషి సంగతి ఆ ఉత్తర్వుల్లో లేదు, ఉండదు కూడా, ఎందుకంటే అది కొనుగోలు శాఖ చూసే పని కాదు. అది మీరు చూడాల్సిన పని. కొనడం ఇంకా తేలికయ్యేకొద్దీ మూతపడిన గదుల్లో దుమ్ము కప్పుకున్న లేజర్ల సంఖ్య పెరిగే ప్రమాదం ఉందని కూడా మీకు చెప్పాలి.

ఈ వాదనకు ఎదురయ్యే ప్రశ్నల్లో బలమైనది ముందు తీసుకుంటాను. నోబెల్ వచ్చినవాళ్లను ఏరి చూపించి శాశ్వత ఉద్యోగాలే వాళ్లను గెలిపించాయనడం తర్కమేనా? శాశ్వత ఉద్యోగాల్లో ఉండి ఏమీ సాధించనివాళ్ల లెక్క ఏది? ఆ ప్రశ్న సబబైనదే. శాశ్వత ఉద్యోగమిస్తే నోబెల్ వస్తుందని నేను అనడం లేదు. నేను చూపుతున్నది ఆ పనికి పట్టే కాలం. పద్నాలుగేళ్లన్నది లుయిలియే ప్రతిభను బట్టి వచ్చిన అంకె కాదు. సిద్ధాంతం తేలాలి, లేజర్లు మెరుగవ్వాలి, కొలిచే పద్ధతి పుట్టాలి, ఇవి ఒకదాని తరవాత ఒకటి జరిగే పనులు. ఆమె స్థానంలో అంతకన్నా గొప్పవాళ్లున్నా ఆ కాలం పెద్దగా తగ్గేది కాదు. గెలవని వాళ్లకూ అంతే కాలం పడుతుంది. పంట చేతికొచ్చే గడువు కన్నా కౌలు గడువు తక్కువైతే రైతు ఎంత సమర్థుడైనా లాభం లేదన్నది వాదన, అది గెలిచినవాడి మీద ఆధారపడిన వాదన కాదు. ఇక స్ట్రిక్‌ల్యాండ్ లాంటివారు అస్థిరమైన దారిలోనూ నెగ్గారు కదా అంటే, ఆమె వెళ్లిన ప్రతిచోటా ముందే పాతుకున్న ప్రయోగశాల ఉంది. మనిషి తిరగవచ్చు, ప్రయోగశాల తిరగకూడదు.

రెండోది మన ఆఫీసులు చూసినవాళ్లెవరైనా అడిగేది: శాశ్వతం చేస్తే పని మానేస్తారు. ఈ అనుమానానికి కారణాలు లేకపోలేదు, కానీ దీన్ని ఒక్క సాంకేతిక సిబ్బందికే వర్తింపజేయడం వింతగా ఉంది. ప్రొఫెసర్‌ని శాశ్వతం చేస్తున్నాం, రిజిస్ట్రార్ ఆఫీసు గుమాస్తాను శాశ్వతం చేస్తున్నాం, లేజరు నడిపేవాడి దగ్గరికొచ్చేసరికే క్రమశిక్షణ గుర్తొస్తోంది. నిజానికి అతని పని దాచిపెట్టుకోలేనిది. లేజరు నెలలో ఎన్ని గంటలు పనిచేసింది, ఎంతమంది వాడారు, మెరుపు నిడివి, స్థిరత్వం ఎలా ఉన్నాయి అన్నవి రోజువారీ పుస్తకంలో ఉంటాయి. పత్రాల సంఖ్య లెక్కపెట్టి ఆచార్యుల్ని తూచడం కన్నా ఇది చాలా తేలిక. ఐదేళ్లకోసారి బయటివారితో పరీక్ష చేయించండి, విఫలమైతే ఇంక్రిమెంట్లు ఆపండి. పదకొండు నెలల కాంట్రాక్టుతో వచ్చే భయం కన్నా పనిలో పేరు తెచ్చుకోవాలన్న పట్టుదలే మంచి ఇంజనీరును నిలబెడుతుంది. కాంట్రాక్టు అయితే మంచివాడే ముందు వెళ్లిపోతాడు.

పేద దేశానికి అట్టోసెకన్లెందుకన్న ప్రశ్నకు పెద్దగా సమయం ఇవ్వదలచుకోలేదు, కానీ ఒక్క సంగతి చెప్పాలి. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో, మురూ బృందం పనిచేస్తున్న ప్రయోగశాలలో ఒక విద్యార్థి కంటికి ఫెమ్టోసెకను లేజరు ప్రమాదవశాత్తు తగిలింది. పరీక్షించిన కంటి వైద్యుడు ఆ గాయం అంచులు అంత శుభ్రంగా ఉండటం చూసి ఆశ్చర్యపోయి లేజరు శాస్త్రవేత్తలతో కలిసి పని మొదలుపెట్టాడు. బ్లేడు లేని లాసిక్ అలా పుట్టింది. ఈనాడు హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో కళ్లద్దాలు తీసేయించుకోవడానికి వెళ్లే యువతీయువకులు పడుకునేది ఆ మెరుపు కిందే. ఆ యంత్రాలు మనం దిగుమతి చేసుకుంటున్నాం. వాటిని మరమ్మతు చేయగలిగేవాళ్లనైనా మన విశ్వవిద్యాలయాలు తయారుచేయకపోతే, ఆ ఖర్చు రోగి బిల్లులోకే పోతుంది. పేదరికం పేరుతో పరిశోధన మానుకోవడం వల్ల మిగిలేది ఏమీ లేదు.

ప్రతి విశ్వవిద్యాలయానికీ లేజరు ఎందుకు, ఒకటి రెండు పెద్ద కేంద్రాలు పెట్టి అందరూ అక్కడికి వెళితే సరిపోదా అన్నది ఆఖరి అభ్యంతరం. ఇందులో చాలా మేరకు నేను ఏకీభవిస్తాను. యూరప్ అదే చేసింది: చెక్ రిపబ్లిక్, హంగరీ, రుమేనియాలలో మూడు కేంద్రాలుగా ఎక్స్‌ట్రీమ్ లైట్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కట్టింది, దాన్ని ప్రతిపాదించిన వారిలో మురూ ముఖ్యుడు. హంగరీ కేంద్రం సెగెడ్ నగరంలో ఉంది, అట్టోసెకన్ల పనికే అంకితమైంది. కానీ ఉమ్మడి కేంద్రం అంటే బయటినుంచి వచ్చే వాడుకరికి రోజూ సిద్ధంగా ఉండే లేజరు. దాన్ని సిద్ధంగా ఉంచే మనుషులు విశ్వవిద్యాలయ ప్రయోగశాలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి, వాళ్లు ఎక్కడో నేర్చుకుని రావాలి. చిన్న ప్రయోగశాలల్లో నేర్చుకున్నవాళ్లు లేకుండా పెద్ద కేంద్రం నడవదు. కాబట్టి ఈ అభ్యంతరం నా కోరికను తగ్గించదు, పెంచుతుంది.

నేను అడుగుతున్నది ఇది. ఐదు కోట్లకు పైబడిన ఏ పరికరానికి మీరు డబ్బు మంజూరు చేసినా, దానితోపాటు ఒక శాశ్వత సాంకేతిక శాస్త్రవేత్త పదవిని మంజూరు చేయండి. మొదటి పదేళ్లు జీతం మీరిచ్చి, ఆపైన విశ్వవిద్యాలయం మోయాలని ముందే రాయించుకోండి. ఆ హామీ ఇవ్వని విశ్వవిద్యాలయానికి ఆ లేజరు ఇవ్వకండి, కఠినంగా అనిపించినా సరే. ఆ పదవికి ఆచార్యులతో సమానమైన పదోన్నతి మెట్లు ఉండాలి, యంత్రం కట్టినా మెరుగుపరిచినా అది పత్రంతో సమానంగా లెక్కలోకి రావాలి. కొత్త రంగాల్లో కొన్ని గ్రాంట్లు ఎనిమిది, పదేళ్లకు ఇచ్చి, నాలుగో ఏట సమీక్షించి నడవనివి ఆపండి. ఈ పదవులకు వయోపరిమితి పెట్టకండి, పెళ్లి వల్లనో పిల్లల వల్లనో నాలుగేళ్లు ఆగిన స్త్రీలు తిరిగి రావడానికి ఇదే అన్నిటికన్నా అనువైన దారి. ప్రిన్స్‌టన్ సాంకేతిక సిబ్బంది పదవిలో చేరినప్పుడు స్ట్రిక్‌ల్యాండ్ కూడా భర్త పనిచేసేచోటుకు దగ్గరగా ఉండాలనే చేరారు, ఐదేళ్లకు అక్కడినుంచే విశ్వవిద్యాలయంలోకి వెళ్లారు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఎంత ఖర్చవుతుందో మీ కార్యాలయం ఒక్కరోజులో లెక్క తేల్చగలదు: లేజరు ధరలో వార్షిక జీతం ఎన్నో వంతు అన్నది చూస్తే చాలు. మీ తదుపరి సమావేశంలో దీన్ని ఎజెండాలో చేర్చి, చర్చించి, ఔనో కాదో బహిరంగంగా చెప్పమని కోరుతున్నాను. కాదంటే కారణం కూడా చెప్పండి.

ఇట్లు
ఒక సైన్సు వ్యాసకర్త
హైదరాబాద్